లోలకం మాస్టారి జీతం

లోలకం మాస్టారికి కాలు ఒకచోట నిలవదు. డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాడు. బ్లాక్‌బోర్డు దగ్గర మొదలుపెట్టిన వాక్యాన్ని చివరి బెంచీ దగ్గర ముగించేవాడు. అక్కడ ఎవడైనా కునుకు తీస్తుంటే వాణ్ణి చాక్‌పీసుతో తట్టి లేపి, తర్వాతి వాక్యాన్ని అక్కణ్ణుంచే అందుకుని మళ్ళీ బోర్డు దాకా తీసుకొచ్చేవాడు. ఆ పేరు పిల్లలు ఎప్పుడో పెట్టారు. మొదట్లో చాటుగా అనేవారు, తర్వాత ఎదురుగానే అనేవారు, చివరికి ప్రిన్సిపాల్ కూడా మీటింగులో "మన లోలకం మాస్టారు ఏమంటారు?" అని అడిగేసి నాలిక్కరుచుకున్నాడు. మాస్టారు నొచ్చుకోలేదు. "మంచి పరికరమే కదండీ" అన్నాడు.

ఇంట్లోనూ అంతే. పేపరు చదవాలన్నా, ఫోను మాట్లాడాలన్నా హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి హాల్లోకి కాలుగాలిన పిల్లిలా తిరగాల్సిందే. ఆయన భార్య కూడా అదే కాలేజీలో లెక్కల లెక్చరర్. ఆయన చేరిన ఐదారేళ్ళకు ఆమె చేరింది. అందువల్ల అనుభవంలో ఆయన పెద్ద, జీతంలోనూ పెద్ద. ఆ తేడా పెద్దదేమీ కాదు గానీ, జీతాలు పడ్డ రోజున మాస్టారు కాస్త ఛాతీ విరిచి నడిచేవాడు.

"ఏంటండీ ఆ నడక?" అనేది ఆమె.

"సీనియర్ని కదా" అనేవాడు.

ఇలా సాఫీగా వెళ్ళిపోతున్న సంసారంలోకి ఒకరోజు పసుప్పచ్చ గీత వచ్చిపడింది.

నగరం పెరిగింది. దాని హద్దు ఎక్కడిదాకా వచ్చిందో తేల్చడానికి టేపులు, మేకులు, రంగు డబ్బా పట్టుకుని మనుషులు వచ్చారు. వాళ్ళ మ్యాపులో హద్దు తిన్నగా ఉంది. దానికి అడ్డంగా కాలేజీ ఉండటం కాలేజీ తప్పు. గేటు దగ్గర మొదలైన గీత వరండా ఎక్కి, స్టాఫ్ రూములో బల్లని నిలువునా చీల్చి, గోడ అవతల మాస్టారి క్లాసురూములో తేలి, కిటికీ దూకి ఆటస్థలంలోకి పోయింది. క్లాసులో బోర్డు, టేబులు, డస్టరు నగరంలో పడ్డాయి. బెంచీలు, పిల్లలు, ఫ్యాన్లు పల్లెలో పడ్డాయి.

అదేదో సరదాగా ఉందనుకున్నారందరూ, జీతాలు పడేదాకా. అప్పటిదాకా కాలేజీ మొత్తానికి పల్లె జీతమే. నగరంలో ఖర్చులెక్కువ కాబట్టి అక్కడ పనిచేసేవాళ్ళకి నగర భత్యం కలుస్తుంది. రూలు ప్రకారం, పనిచేసే చోటు ఏదైతే ఆ చోటి జీతం. లెక్కల మేడమ్ గది వరండాకి ఇటువైపు, నిఖార్సయిన నగరం. మాస్టారి గదిలో మాత్రం పల్లె భాగమే ఎక్కువుందని జీతాల సూపరింటెండెంటు దాన్ని పల్లె కింద రాసేశాడు.

ఆ నెల ఇద్దరూ భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఫోన్లు చూసుకున్నారు. ఆమె ఫోను బల్ల మీద బోర్లించింది. మాస్టారు లేచి వంటింటిదాకా వెళ్ళొచ్చాడు. మళ్ళీ వెళ్ళొచ్చాడు.

"చెప్పు, ఎంత?" అన్నాడు.

ఆమె చెప్పింది.

"ఇరవై అడుగుల దూరానికా!"

"వరండా కూడా కలపండి. ఇరవై ఎనిమిది."

ఈ సంగతి ఎలా పాకిందో, మర్నాడు పొద్దున్నే బావమరిది ఫోను చేశాడు. "బావా! నువ్వు పల్లెటూరివాడివైపోయావట. మా అక్కలాంటి పట్నం పిల్లని చేసుకున్నావన్నమాట. అదృష్టవంతుడివి."

మాస్టారికి చిర్రెత్తుకొచ్చింది. నేరుగా సూపరింటెండెంటు దగ్గరికి వెళ్ళాడు. సూపరింటెండెంటు చెడ్డవాడు కాదు. ఎవరి దగ్గరా టీ కూడా తాగడు. రూలు పుస్తకం తప్ప లోకంలో ఇంకో ఆసరా లేనివాడిలా దాన్ని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంటాడు, అంతే.

"నా బోర్డు నగరంలోనే ఉంది కదండీ?" అన్నాడు మాస్టారు.

"ఉందండి. కానీ జీతం అడుగుతోంది బోర్డు కాదు కదా."

"నేనే అడుగుతున్నాను. నేను నిలబడేది బోర్డు దగ్గరే."

"నిలబడతారా?" అని సూపరింటెండెంటు కళ్ళజోడు తీశాడు. "ఏమనుకోకండి మాస్టారూ. మీరు నిలబడగా చూసినవాళ్ళు ఈ కాలేజీలో ఉన్నారా?"

అప్పటికే మాస్టారు ఆ గదిలో కిటికీకీ బీరువాకీ మధ్య తిరుగుతున్నాడు.

చివరికి సూపరింటెండెంటు న్యాయంగానే తేల్చాడు. మాస్టారి కాళ్ళు ఎంతసేపు నగరంలో ఉంటే అంతసేపటికి నగర జీతం, పల్లెలో ఉన్నంతసేపూ పల్లె జీతం. చూసి రాసుకోవడానికి క్లాసు గుమ్మంలో అటెండరుకి స్టూలు వేశారు. మాస్టారు గీత ఇటు దాటితే 'న' అని, అటు దాటితే 'ప' అని రాయడం అతని పని. అటెండరు రెండు రోజులకే మెడ పట్టేసి ఆస్పత్రికి వెళ్ళొచ్చాడు.

"ఏమండీ, ఒక్క గంట" అంది ఆమె ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ. "ఒక్క గంట బోర్డు దగ్గర నిలబడలేరా? జనం క్యూల్లో నిలబడటం లేదా? రైళ్ళలో నిలబడటం లేదా?"

"నిలబడతాను. అదేమన్నా బ్రహ్మవిద్యా?"

మర్నాడు నిలబడ్డాడు. గీతకి జానెడు ఇవతల రెండు పాదాలూ దగ్గరగా పెట్టి, టేబులు అంచు పట్టుకుని, "కాంతి..." అన్నాడు. ఆగాడు. "కాంతి అనేది..." అన్నాడు. తర్వాత మాట రాలేదు. ఏళ్ళతరబడి చెప్పిన పాఠం. నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పేవాడు. కానీ నిద్రలో లేపితే ఆయన మంచం దిగి నడిచేవాడు, ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. చెమటలు పోశాయి. మోకాళ్ళు వాటంతటవే కదులుతున్నాయి. వెనక బెంచీలో ఒకమ్మాయి జాలిపడి, "సార్, పోనీ నడిచెయ్యండి సార్" అంది.

పిల్లలు మంచివాళ్ళు. మర్నాడు పొద్దున్నే వచ్చి బెంచీలన్నీ ఎత్తి, గీతకి ఇవతల, బోర్డు చుట్టూ కుక్కేశారు. ఒకళ్ళ మోచేయి ఒకళ్ళ పుస్తకంలో పెట్టుకుని కూర్చున్నారు. మాస్టారు ఎటు నడిచినా నగరమే. పావుగంట బ్రహ్మాండంగా సాగింది. అంతలో సూపరింటెండెంటు పరుగున వచ్చాడు.

"ఈ బెంచీలు పల్లె ఆస్తి!" అన్నాడు. "ఇవి నగరంలోకి రావాలంటే బదిలీ ఉత్తర్వు కావాలి. ఎవరిచ్చారు?"

"పోనీ పిల్లలు నేల మీద కూర్చుంటారు" అన్నాడు మాస్టారు.

"పిల్లలు కూడా పల్లె ఫీజే కట్టారండి."

బెంచీలు వెనక్కి వెళ్ళిపోయాయి. మాస్టారు చాక్‌పీసు తీసుకుని, గీత దాటి, చివరి బెంచీ దాకా నడిచి, "కాంతి అనేది తిన్నగా పోతుంది, ఎవడూ అడ్డు రానంతవరకు" అన్నాడు. ఇక ఆగలేదు. ఎంత జీతం పడితే అంతే పడనీ అనుకున్నాడు. ఆ నిర్ణయం తీసుకున్నాక ఆయనకి ఆకలి వేసింది, రాత్రి హాయిగా నిద్ర కూడా పట్టింది.

అసలు పిడుగు ఏడాది చివర పడింది.

సీనియారిటీ జాబితా నోటీసు బోర్డు మీద పెట్టారు. మాస్టారు పైనుంచి వెతుక్కుంటూ వచ్చాడు. మధ్యలో భార్య పేరు కనపడింది. ఇంకా కిందికి వచ్చాడు. కిందటి నెల చేరిన కుర్ర లెక్చరర్ పేరు కనపడింది. ఆ కుర్రాడు మాస్టారి శిష్యుడే. వాడికి కింద, కాగితం అంచుకి ఆనుకుని మాస్టారి పేరుంది. అనుభవం అన్న గడిలో సున్నా చుట్టి ఉంది.

"ఇదేంటండీ!" అన్నాడు సూపరింటెండెంటు దగ్గరికి పోయి.

"నాకూ బాధగానే ఉంది మాస్టారూ" అన్నాడతను. పుస్తకం ఆయన వైపు తిప్పాడు. "రూలు చూడండి. ఉత్తర్వు లేకుండా ఒక చోటు వదిలి ఇంకో చోట పనిలోకి దిగితే పాత సర్వీసు రద్దు, కొత్త చోట కొత్తగా చేరినట్టు. మీరు గీత దాటిన ప్రతిసారీ కొత్తగా చేరారు. కిందటి శుక్రవారం ఒక్కరోజే ఎన్నిసార్లు చేరారో అటెండరు రాసినదాంట్లో చూస్తే నాకే కళ్ళు తిరిగాయి."

"అందరూ దాటుతారు కదా! మీరు దాటరా?"

"దాటుతాం. కానీ మేం దాటినట్టు కాగితం లేదు."

ఆ మాట కాలేజీలో గుప్పుమంది. ఆ రోజు నుంచి గీత దాటే మనిషి లేడు. లైబ్రరీ పల్లెవైపు ఉంది. నగరంవైపు లెక్చరర్లు గీత దగ్గర నిలబడి పుస్తకం పేరు అరిచేవారు. లైబ్రేరియన్ పుస్తకం తెచ్చి గీత మీద పెట్టి రెండడుగులు వెనక్కి వేసేవాడు. ప్రిన్సిపాల్ ఆటస్థలం చూడాలంటే అద్దె కారులో ఊరంతా చుట్టి అవతలి గేటు దాకా వెళ్ళి, లోపలికి దిగకుండా కారు అద్దంలోంచి చూసి వచ్చేవాడు. ధైర్యంగా అటూ ఇటూ తిరిగినవాడు అటెండరు ఒక్కడే. "నేను కాంట్రాక్టు మనిషిని సార్. నాకు సర్వీసే లేదు, పోయేదేముంది?" అనేవాడు. మాస్టారు అతన్ని చూసి మొదటిసారి అసూయపడ్డాడు.

కొత్తగా చేరినవాళ్ళకి ప్రొబేషన్ ఉంటుంది. పాఠం చెప్పడం వచ్చో రాదో ఒక సీనియర్ లెక్చరర్ క్లాసులో కూర్చుని పరీక్షించి రాయాలి. మాస్టారికి ఎవర్ని వేయాలన్నది ప్రిన్సిపాల్‌కి తలనొప్పి అయింది. శిష్యుణ్ణి వేస్తే బాగుండదు. సగంమంది తప్పించుకున్నారు. చివరికి లెక్కల మేడమ్‌ని వేశారు.

"నన్నా?" అంది ఆమె. "ఇంట్లో ఎలాగూ నేనే పరీక్షిస్తున్నాను కదండీ."

"అందుకే అనుభవం ఉందని..." అని నసిగాడు ప్రిన్సిపాల్.

ఇన్నేళ్ళ కాపురంలో ఆమె భర్త పాఠం ఎప్పుడూ వినలేదు. ఆయన క్లాసు ఉన్నప్పుడు ఆమెకీ క్లాసే. ఒక మంగళవారం ఆమె తన చేతిలో ఫారం పట్టుకుని గీత దగ్గరికి వచ్చి ఆగింది. అవతల కాలు పెడితే తన సర్వీసు కూడా పోతుంది. సూపరింటెండెంటు ముందే ఆలోచించి పరీక్షాధికారిణికి ప్రత్యేక ఉత్తర్వు తయారుచేసి ఉంచాడు. అది చేతిలో పట్టుకుని, వరద నీళ్ళలోకి దిగుతున్నట్టు చీర కుచ్చెళ్ళు కొంచెం ఎత్తి పట్టుకుని దాటింది. చివరి బెంచీలో ఆ జాలిపడ్డ అమ్మాయి పక్కన కూర్చుంది.

మాస్టారు ఆమె వైపు చూడలేదు. బోర్డు మీద ఒక బొమ్మ గీశాడు. నడవడం మొదలుపెట్టాడు.

ఆమె ఫారంలో మొదటి ప్రశ్నకి జవాబు రాయబోయింది. 'స్వరం స్పష్టంగా ఉందా?' ఇంట్లో ఆ స్వరం కళ్ళజోడు ఎక్కడుందని అడిగే స్వరం. ఇక్కడ అదే స్వరం ఒక్కో బెంచీ దగ్గర ఒక్కోలా ఉంది. ముందు బెంచీల వాళ్ళతో గబగబా మాట్లాడుతోంది. మధ్యలో ఒకబ్బాయి నుదురు ముడివేస్తే అక్కడ నెమ్మదించి ఇంకో దారిలో చెబుతోంది. కుంటివాణ్ణి చెయ్యి పట్టి దాటించినట్టు చివరి బెంచీ దాకా ఆ సంగతిని తీసుకొస్తోంది. ఆయన ఊరికే తిరగడం లేదు. ఎవరికి అర్థం కాలేదో చూసి వాళ్ళ దగ్గరికి వెళ్తున్నాడు. ఇది ఆమెకి తెలియదు. కాళ్ళకి ఏదో నరాల జబ్బనుకుంది ఇన్నాళ్ళూ.

"అలా ఎందుకవుతుంది?" అని ఉన్నట్టుండి అడిగేసింది ఆమె.

క్లాసంతా వెనక్కి తిరిగింది. మాస్టారు ఆమె బెంచీ దగ్గరికి వచ్చాడు. "ఎక్కడిదాకా అర్థమైందమ్మా?" అన్నాడు, మామూలుగా అందరినీ అడిగినట్టే.

ఆమె చెప్పింది. ఆయన ఆమె ఫారం వెనకే బొమ్మ గీసి చూపించాడు. గంట కొట్టేశారు. ఫారంలో ముందువైపు ఒక్క గడి కూడా నిండలేదు.

స్టాఫ్ రూములో కూర్చుని ఆమె అన్నీ నింపింది. అన్నిటికీ 'అద్భుతం' అని రాసింది. 'లోపాలు' అన్న చోట మాత్రం చెయ్యి ఆగింది. లెక్కల మనిషి. ఖాళీ వదిలితే అబద్ధమవుతుంది. 'బోర్డు మీద చేతిరాత అధ్వానం' అని రాసింది. సూపరింటెండెంటు ఆ ఒక్క ముక్క చూసి ప్రొబేషన్ ఇంకో ఆరు నెలలు పొడిగించాడు.

"నిజం రాయాలా?" అన్నాడు మాస్టారు ఇంట్లో, హాలు చివరినుంచి.

"మీ అయిదు, ఆరులా ఉంటుందండీ. పిల్లలు ఏమైపోవాలి?"

రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు. మూడో రోజు ఆమే కూర్చుని పైవాళ్ళకి అప్పీలు రాసింది. ఇన్నేళ్ళ సర్వీసు ఒక గది మధ్యలో ఎలా పోతుందని అడిగింది. చేతిరాత గురించి అందులో రాయలేదు.

కొన్నాళ్ళకి విచారణ అధికారి వచ్చాడు. బొద్దుగా, హుందాగా ఉన్నాడు. ప్రమోషన్ దగ్గరికొచ్చిన మనిషి. ప్రిన్సిపాల్ గదిలో టీ తాగి, కొబ్బరి నీళ్ళు తాగి, మళ్ళీ టీ తాగి, గది చూద్దాం పదండన్నాడు. గీత దగ్గరికి వచ్చి, దాన్ని బూటు కొసతో తాకబోతుంటే సూపరింటెండెంటు "సార్!" అని కేకేశాడు.

"ఏమైంది?"

"దాటితే సర్వీసు పోతుంది సార్."

"నాకా?"

"రూలు మనిషిని చూడదు కదండీ. పైగా అటెండరు రాసుకుంటున్నాడు."

గుమ్మంలో అటెండరు పెన్ను పైకెత్తి నమస్కారం పెట్టాడు. అధికారి కాలు వెనక్కి లాక్కున్నాడు. అక్కడే కుర్చీ వేయించుకుని విచారణ మొదలుపెట్టాడు. మాస్టారు చెప్పింది విన్నాడు, మేడమ్ చెప్పింది విన్నాడు, రూలు చదివించుకుని విన్నాడు. మధ్యలో ఇంకో టీ వచ్చింది. గంట గడిచేసరికి ఆయన కుర్చీలో అటూ ఇటూ కదలడం మొదలుపెట్టాడు. కాసేపటికి ప్రిన్సిపాల్‌ని దగ్గరికి పిలిచి చెవిలో ఏదో అడిగాడు. ప్రిన్సిపాల్ ముఖం పాలిపోయింది.

"ఇటువైపున్నదానికి తాళం వేసి ఉందండి. నగరం కొత్త పైపులు వేస్తోంది. రెండోది..." అని గీత అవతలికి చూపించాడు.

అధికారి క్లాసు వెనక గుమ్మంలోంచి అవతలికి చూశాడు. ఆటస్థలం అంచున, చెట్టు పక్కన, తలుపు తెరిచి ఉన్న మరుగుదొడ్డి కనిపిస్తోంది. ఎంత దూరమో కాదు. ఆయన గీత వైపు చూశాడు. అటెండరు పెన్ను వైపు చూశాడు.

"ఉత్తర్వు!" అన్నాడు లేచి నిలబడి. "కాగితం! తొందరగా!"

ఆయన నిలబడి, మోకాళ్ళు దగ్గరగా పెట్టుకుని చెబుతుంటే సూపరింటెండెంటు రాశాడు. ప్రకృతి సహజమైన అవసరం కోసం హద్దు దాటినవారి సర్వీసుకి ఎలాంటి భంగమూ లేదు, ఇది మొదటినుంచీ అమల్లో ఉన్నట్టే భావించాలి. అధికారి సంతకం పెట్టి, పెన్ను మూత పెట్టకుండానే గీత మీంచి దూకి పరిగెత్తాడు. అటెండరు 'ప' అని రాసుకున్నాడు.

వెనక్కి వచ్చేటప్పుడు ఆయన ముఖం ప్రశాంతంగా ఉంది. లెక్కల మేడమ్ ఆ కాగితం చేత్తో పట్టుకుని ఎదురు నిలబడింది.

"అయితే మా ఆయన సర్వీసు కూడా పోనట్టే కదండీ?"

"ఆయన అందుకోసం దాటలేదు కదమ్మా" అన్నాడు సూపరింటెండెంటు. "పాఠం చెప్పడానికి దాటారు."

"నడవకపోతే ఆయనకి పాఠం రాదు. ఒకరోజు ఆపి చూశారు. చెమటలు పట్టాయి, మోకాళ్ళు వణికాయి, మాట పడిపోయింది. క్లాసంతా సాక్షి. ఆపుకోలేనిదాన్ని ప్రకృతి సహజమైన అవసరం అనక ఏమంటారు?"

సూపరింటెండెంటు రూలు పుస్తకం తెరిచాడు, మూశాడు. అధికారి వైపు చూశాడు. అధికారి తానెంత ఆపుకున్నాడో గుర్తుకొచ్చినవాడిలా తల పంకించి, "ఆవిడ చెప్పింది నిజమేనయ్యా. ఆపుకోవడం మహా కష్టం" అన్నాడు.

అలా మాస్టారి సర్వీసు మొత్తం తిరిగొచ్చింది. సర్వీసు రికార్డులో ఆయన ప్రతి నడక పక్కనా 'సహజావసరం' అని ఎర్రసిరాతో రాశారు. పిల్లలు ఇంకో పేరు పెట్టబోయారు గానీ చివరి బెంచీ అమ్మాయి ఒప్పుకోలేదు. జీతం మాత్రం అడుగుల లెక్కనే, సగం నగరం, సగం పల్లెగా పడుతూ వచ్చింది. భార్యకంటే కొద్దిగా తక్కువ. దానిమీద ఆయన మళ్ళీ గొడవపడలేదు.

ఒక్క చిక్కు మిగిలింది. ఉత్తర్వులో సర్వీసు గురించి ఉంది గానీ ప్రొబేషన్ రద్దు గురించి లేదు. అధికారిని మళ్ళీ పిలవడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు. దాంతో కాలేజీలో అందరికన్నా సీనియర్ అయిన మాస్టారు రిటైరయ్యేదాకా ప్రొబేషన్‌లోనే ఉన్నాడు. ఆరు నెలలకోసారి లెక్కల మేడమ్ వచ్చి చివరి బెంచీలో కూర్చునేది. రాను రాను ఆరు నెలలదాకా ఆగలేక, ఖాళీ దొరికినప్పుడల్లా, ఫారం లేకుండానే వచ్చి కూర్చునేది. ఆమె మీద కూడా 'సహజావసరం' అని రాయొచ్చా అని అటెండరు అడిగితే, సూపరింటెండెంటు ఒకరోజంతా ఆలోచించి రాసుకోమన్నాడు.

రిటైరైన రోజున ఆఖరి ఫారం వచ్చింది. 'మొత్తం మీద అభ్యర్థి పనితీరు' అన్నచోట ఆమె ఒకే ఒక మాట రాసి సంతకం పెట్టింది. సాయంత్రం దండలు, శాలువా బల్ల మీద పడేసి మాస్టారు వంటింటి గుమ్మంలో ఆగాడు.

"'సంతృప్తికరం' అని రాశావట. ఇన్నేళ్ళు చూసి అంతేనా?"

"గడి చిన్నదండీ" అంది ఆమె స్టవ్ తగ్గిస్తూ. "మిగతాది మీకు నోటితో చెబుతాను. ముందు మీరు కూర్చోండి."

ఆయన కూర్చోలేదు. ఆమె కూడా రెండోసారి చెప్పలేదు. ఆయన హాలు చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చేలోపు ఒక్కో మాట చొప్పున చెప్పుకుంటూ పోయింది.